త్రాసులో బర్సా: టీకా తర్వాత కోడి అవయవాల సాక్ష్యం ఎంత నమ్మదగింది?

కోళ్లకు టీకా వేసి ఫలితం చూసిన పరిశోధన పత్రాల్లో తరచుగా ఒక పట్టిక కనిపిస్తుంది. బర్సా, ప్లీహం, థైమస్ బరువులు పక్షి శరీర బరువులో ఎంత శాతం ఉన్నాయో గుంపుల వారీగా అందులో చూపిస్తారు. టీకాతోపాటు మేతలో ఏ మూలికో, విటమినో కలిపిన ప్రయోగమైతే ఆ పట్టిక ఉండి తీరుతుందనే చెప్పవచ్చు. దాని కింద ఒక వాక్యం: అవయవాల బరువు పెరిగింది కాబట్టి రోగనిరోధక శక్తి పెరిగింది. ఆ 'కాబట్టి' ఎంతవరకు నిలుస్తుందో చూడటమే ఈ వ్యాసం పని.

ఇది పుస్తకాలకే పరిమితమైన చర్చ కాదు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 10.79 కోట్ల కోళ్లు, తెలంగాణలో సుమారు 8 కోట్ల కోళ్లు ఉన్నాయి. ఫారం బ్రాయిలర్‌కు పుట్టిన మొదటి వారంలోనే రాణిఖేత్ టీకా కంటిచుక్కగా పడుతుంది. రెండో వారం చివర గంబోరో టీకా, ఆ తర్వాత తాగునీటిలో రాణిఖేత్‌కే లసోటా బూస్టర్ ఇవ్వడం సాధారణంగా నడిచే పద్ధతి. బ్యాచ్‌లో మరణాలు మొదలైనప్పుడు షెడ్డు పక్కనే పక్షిని కోసి, బర్సా వేలితో నొక్కి చూసి "టీకా పట్టలేదు" అనో "టీకానే దెబ్బతీసింది" అనో తీర్పు చెప్పేయడమూ మామూలే. పత్రంలో పట్టిక చేసే పొరపాటు, షెడ్డు దగ్గర వేలు చేసే పొరపాటు చాలాసార్లు ఒకటే.

ఏ అవయవం పని ఏమిటి

కాలికి పుండు పడితే మనకు గజ్జల్లో బిళ్ల కడుతుంది. ఆ బిళ్ల ఒక లింఫు గ్రంథి. కోడికి అలాంటి గ్రంథులు లేవు. టీకా పదార్థాన్ని పట్టి, గుర్తించి, యాంటీబాడీలు తయారుచేసే పని కోడిలో ప్లీహం, కంటి వెనక ఉండే హార్డేరియన్ గ్రంథి, పేగు చివర సీకం మొదట్లో ఉండే సీకల్ టాన్సిల్స్, పేగు గోడల్లోనూ శ్వాసనాళాల్లోనూ చెదురుమదురుగా ఉండే లింఫు కణజాలం పంచుకుంటాయి. ఇవి ద్వితీయ అవయవాలు. థైమస్, బర్సా ప్రాథమిక అవయవాలు. వీటిలో కణాలు తయారై బయటికి వెళతాయి. శత్రువును ఎదుర్కోవడం ప్రధానంగా వీటి పని కాదు.

బర్సా క్లొయాకాకు పైవైపున అంటుకుని ఉండే చిన్న సంచి. పదువా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన ఫాబ్రీషియస్ దీన్ని వర్ణించాడు. ఆ రచన ఆయన చనిపోయాక 1621లో అచ్చయింది. అది వీర్యం నిల్వ చేసుకునే తిత్తి అని ఆయన ఊహ. ఆ ఊహ తప్పని తేలినా, అసలు పని ఏమిటో తెలియడానికి మూడు శతాబ్దాలకు పైగా పట్టింది. 1950లలో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధక విద్యార్థి కోడిపిల్లల్లో బర్సా తీసేసి, పెరుగుదలలో తేడా ఏమైనా వస్తుందా అని చూశాడు. చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. సహ విద్యార్థి తిమోతీ చాంగ్ తరగతిలో యాంటీబాడీల తయారీ చూపించడానికి ఆ కోళ్లనే అరువు తీసుకుని సాల్మొనెల్లా యాంటిజెన్ ఎక్కించాడు. బర్సా లేని కోళ్లు యాంటీబాడీలు తయారుచేయలేకపోయాయి. ఆ పత్రాన్ని 'సైన్స్' పత్రిక తిరస్కరించింది. 1956లో 'పౌల్ట్రీ సైన్స్' అచ్చువేసింది. కోళ్ల పెంపకందారులు చదివే పత్రికలో రావడం వల్ల రోగనిరోధక శాస్త్రవేత్తల కంట పడటానికి దానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

1965లో మాక్స్ కూపర్, పీటర్సన్, రాబర్ట్ గుడ్ దీన్ని మరో మెట్టు ఎక్కించారు. పుట్టిన వెంటనే పిల్లల్లో కొన్నింటికి బర్సా, కొన్నింటికి థైమస్ తీసేసి, వికిరణంతో మిగిలిన కణాలను కూడా తుడిచిపెట్టారు. బర్సా లేనివాటిలో యాంటీబాడీలు వెలువరించే ప్లాస్మా కణాలు, యాంటీబాడీలు కొరవడ్డాయి. థైమస్ లేనివాటిలో అతికించిన చర్మాన్ని తిరస్కరించే శక్తి తగ్గింది. యాంటీబాడీల దారి ఒకటి, కణాల దారి ఇంకొకటి అన్న విభజన ఈ ప్రయోగంతో గట్టిపడింది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన వివరం ఒకటుంది. పిండం 8వ రోజు నుంచి 14వ రోజు వరకు మూలకణాలు బర్సాలోకి చేరతాయి. అక్కడ ఫాలికిల్స్ అనే సుమారు పదివేల చిన్న గదుల్లో విభజన చెందుతూ తమ యాంటీబాడీ జన్యువును మార్చుకుంటాయి. కోడిలో తేలిక గొలుసుకు పనిచేసే 'వి' జన్యువు ఒక్కటే. పక్కనున్న పాతిక నిష్క్రియ జన్యువుల ముక్కలను దానిలోకి అతికించుకోవడం ద్వారా వైవిధ్యం వస్తుంది. ఇలా తయారైన కణాల్లో 5 శాతం వరకు మాత్రమే బయటికి వెళతాయనీ, మిగిలినవి అక్కడే చనిపోతాయనీ అంచనా. కాబట్టి బర్సా బరువులో అధిక భాగం ఎన్నడూ శత్రువును చూడని కణాలది. వాటిలో చాలావరకు ఎప్పటికీ చూడనివి కూడా.

బర్సాను నారుమడి అనుకుంటే సులువుగా అర్థమవుతుంది. నారు పెరుగుతుండగా మడికి తెగులు వస్తే పొలమంతా ఎండుతుంది. నాట్లు పూర్తయ్యాక వస్తే పొలానికి పెద్ద నష్టం లేదు. పొలం పచ్చగా ఉందో లేదో తెలుసుకోవడానికి మడి వైశాల్యం కొలవడం అందుకే పనికిరాదు.

దీనికి లేయర్ ఫారాల్లోనే తిరుగులేని సాక్ష్యం ఉంది. గుడ్డు పెట్టడానికి ముందు, 16 నుంచి 18 వారాల వయసులో, లేయర్లకు నూనె ఆధారిత చంపిన టీకా కండరంలోకి ఇస్తారు. యాంటీబాడీ టైటర్లు, అంటే రక్తంలో వాటి స్థాయి, ఆ తర్వాత ఎక్కువగా, ఎక్కువకాలం ఉంటాయి. బర్సా ఆ వయసుకే కుంచించుకుపోతూ ఉంటుంది, లైంగిక పరిపక్వత వచ్చాక దాదాపు కనుమరుగవుతుంది. బర్సా బరువే రోగనిరోధక శక్తికి కొలమానమైతే, ఈ కోళ్లు మన ఫారాల్లోకెల్లా బలహీనమైనవి కావాలి.

టీకాకు నిజంగా స్పందించేవి

రక్తంలోకి నేరుగా చేరిన యాంటిజెన్‌కు ప్లీహం ప్రధాన స్థానం. 1970లో వైట్, ఫ్రెంచ్, స్టార్క్ ఒక ప్రోటీన్‌ను కోళ్ల సిరలోకి ఎక్కించి, అది ప్లీహంలో ఎక్కడెక్కడికి వెళుతుందో గమనించారు. యాంటిజెన్‌ను పట్టుకున్న కణాలు సన్న రక్తనాళాల చుట్టూ ఉండే ఎలిప్సాయిడ్‌ల దగ్గర నుంచి కదిలి ధమనికలు చీలే చోటికి చేరి, అక్కడ జెర్మినల్ సెంటర్లు ఏర్పడటం వారు చూశారు. సూక్ష్మదర్శిని కింద గుండ్రంగా, పొర కట్టిన ముద్దలా కనిపించే ఈ కేంద్రాల్లోనే బర్సా నుంచి వచ్చిన బి కణాలు వేగంగా విభజన చెంది, మెరుగైన యాంటీబాడీ ఇచ్చేవి ఎంపికవుతాయి. వీటి సంఖ్య, పరిమాణం పెరగడం టీకా పనిచేస్తోందనడానికి బరువు కన్నా చాలా నమ్మదగిన గుర్తు. ప్లీహం బరువు కూడా పెరగవచ్చు. కానీ అది బాక్టీరియా సోకినా, మారెక్స్ వ్యాధి కణితి వచ్చినా, రక్తం నిలిచిపోయినా పెరుగుతుంది. బరువు ఒక్కటే చూసి వీటిని వేరుచేయలేం.

కంటిచుక్క టీకా కథ వేరు. చుక్క కంట్లో పడి, కన్నీటి నాళం గుండా ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. కంటి వెనకున్న హార్డేరియన్ గ్రంథిలో ప్లాస్మా కణాలు దండిగా ఉంటాయి. 1970లలో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ వైరస్‌ను ఈ దారిలో ఇచ్చి ఆ గ్రంథిలో వచ్చిన మార్పులను నమోదు చేశారు. ఇక్కడ తయారయ్యే ఐజీఏ రకం యాంటీబాడీలు కన్నీటిలోకి, శ్వాసమార్గంలోకి వెళతాయి. రక్తంలో టైటర్ పెద్దగా పెరగకపోయినా స్థానికంగా రక్షణ ఉండే అవకాశం ఇందువల్లే. మన పత్రాల్లో హార్డేరియన్ గ్రంథి ప్రస్తావన చాలా అరుదు. కంటిచుక్క వేసి బర్సా తూచే ప్రయోగం, స్పందన వచ్చే చోటు వదిలేసి మరో చోట వెతికినట్టే.

సీకల్ టాన్సిల్స్ గురించి ఒక హెచ్చరిక చాలు. తాగునీటి టీకా తర్వాత వాటిలో జెర్మినల్ సెంటర్లు పెరగవచ్చు. తీవ్రమైన రాణిఖేత్‌లో, అంటే మన పల్లెల్లో కొక్కెర తెగులు అనే దానిలో, ఇవే టాన్సిల్స్ ఎర్రగా రక్తం చిమ్మి కనిపిస్తాయి. పెరగడం, వాయడం రెండూ పెద్దగా కనిపించడమే. సూక్ష్మదర్శిని లేకుండా తేడా చెప్పడానికి కోసేవారికి గట్టి అనుభవం కావాలి.

థైమస్‌ను తూచిన పట్టికలు చూసినప్పుడు నాకు మరో అనుమానం వస్తుంది. మెడకు రెండు వైపులా, జుగులార్ సిర వెంబడి, ఒక్కోవైపు ఏడు వరకు విడివిడి తమ్మెలుగా అది పరుచుకుని ఉంటుంది. చివరి తమ్మెలు కొవ్వులో కలిసిపోయి ఉంటాయి. వాటన్నిటినీ ప్రతి పక్షిలోనూ ఒకేలా ఏరి తీశామని చెప్పగలిగిన చేయి ఎవరిదో, ఆ చేయి గుంపు పేరు తెలియకుండా పనిచేసిందో లేదో పత్రంలో రాయరు.

గంబోరో దగ్గర లెక్క తలకిందులు

అమెరికాలోని డెలావేర్ రాష్ట్రం గంబోరో ప్రాంతంలో 1957లో మొదలైన కోళ్ల మరణాలను 1962లో కాస్‌గ్రోవ్ వర్ణించాడు. వ్యాధికి ఆ ఊరి పేరే మిగిలింది. అతి తీవ్రమైన రకం 1980ల చివర్లో యూరప్‌లో, 1990ల మొదట్లో మన దేశంలో బయటపడింది. దీనికి కారణమైన వైరస్ ఐజీఎం రకం యాంటీబాడీని పైన మోసే బి కణాలను వెతికి చంపుతుంది, కాబట్టి నేరుగా బర్సా మీదే పడుతుంది.

చెవిల్ 1967లో ఈ వ్యాధిలో బర్సా, ప్లీహం, థైమస్ మార్పులను వర్ణించాడు. పాఠ్యపుస్తకాలన్నీ చెప్పే క్రమం ఇది: వైరస్ సోకిన 3వ రోజుకు బర్సా ఉబ్బడం మొదలవుతుంది. పైన పసుపు రంగు జిగురు పొర కడుతుంది, పొడవునా గీతలు తేలతాయి. 4వ రోజుకు బరువు రెట్టింపు. 5వ రోజుకు తిరిగి మామూలు బరువు. 8వ రోజుకు అసలు బరువులో మూడో వంతు. అంటే ఒకే పక్షి, ఒకే వైరస్, ఒకే వినాశం. 4వ రోజు తూచిన వ్యక్తి 'పెరిగింది' అంటాడు, 5వ రోజు తూచినతను 'మార్పు లేదు' అంటాడు, 8వ రోజున మరొకతను 'క్షీణించింది' అంటాడు. ముగ్గురి త్రాసులూ సరిగ్గానే ఉన్నాయి. 5వ రోజు మామూలు బరువున్న బర్సాను కోసి స్లయిడ్ చేస్తే ఫాలికిల్స్‌లో లింఫు కణాలు లేకపోవడం కనిపిస్తుంది. ఇక 1980లలో అమెరికాలో గుర్తించిన వేరియంట్ రకాలు అసలు ఉబ్బు లేకుండానే బర్సాను కుంచించేస్తాయి.

జీవ టీకా కూడా బలహీనపరచిన వైరసే. మన ఫారాల్లో వాడే ఇంటర్మీడియట్ రకం, ఇంకాస్త పదునైన ఇంటర్మీడియట్ ప్లస్ రకం బర్సాలో పెరిగే రక్షణ ఇస్తాయి. పదును ఎక్కువైనకొద్దీ బర్సాలో గాయం ఎక్కువ. ఈ గాయాన్ని రోగనిరోధక స్పందన అని రాసిన పత్రాలూ, టీకా విఫలమైందనడానికి రుజువుగా చూపినవీ రెండూ ఉన్నాయి. రెండూ తొందరపాటే. టర్కీ హెర్పిస్ వైరస్‌లో గంబోరో వీపీ2 జన్యువును చొప్పించిన వెక్టర్ టీకా హేచరీలోనే వేస్తారు, అది బర్సాను గాయపరచదు. ఇంటర్మీడియట్ ప్లస్ వేసిన గుంపులో చిన్న బర్సా, వెక్టర్ టీకా గుంపులో నిండు బర్సా ఉండి, రెండు గుంపులూ గంబోరోను తట్టుకోవచ్చు. బర్సా బరువుకూ రక్షణకూ సంబంధం టీకా రకాన్ని బట్టి మారిపోతుంది.

గాయం మానిందా అన్నది మరో ప్రశ్న. 2006లో విథర్స్, డేవిసన్, యంగ్ పుట్టిన తొలిరోజుల్లో గంబోరో సోకిన పిల్లల బర్సా కోలుకునే తీరు పరిశీలించారు. కొన్ని ఫాలికిల్స్ సరైన నిర్మాణంతో తిరిగి నిండాయి. మరికొన్ని చిన్నవిగా, లోపలి పొర, బయటి పొర తేడా లేకుండా ఉండిపోయాయి. బరువు తిరిగి వచ్చినా లోపలి పని తిరిగి రాకపోవచ్చని ఇది సూచిస్తుంది. ఆ పరిశీలన చిన్న వయసు ఇన్ఫెక్షన్ మీద జరిగింది. రెండు వారాల వయసులో వేసే టీకాకు దాన్ని యథాతథంగా అన్వయించడం సబబు కాదు.

శాతాల చిక్కు

శరీర బరువుతో భాగించడం వల్ల కూడా తప్పుదారి పట్టవచ్చు. ఊహకు ఒక లెక్క. కిలో బరువున్న పక్షిలో బర్సా 2 గ్రాములు: 0.20 శాతం. ఇంకో గుంపు మేత సరిగా తినక 800 గ్రాములే తూగింది, బర్సా 1.8 గ్రాములు: 0.225 శాతం. రెండో గుంపులో బర్సా చిన్నది, పక్షి చిన్నది, కానీ పట్టికలో 'రోగనిరోధక శక్తి పెరిగింది'. శరీర బరువునూ, అవయవం బరువునూ విడివిడిగా ఇవ్వని పత్రంలో ఈ చిక్కు ఎక్కడ దాగిందో పాఠకుడికి తెలిసే దారి లేదు.

లూసియో, హిచ్నర్ 1979లో దీనికి కొంత పద్ధతి ఇచ్చారు. టీకా లేదా వైరస్ ఇచ్చిన గుంపు నిష్పత్తిని, అదే వయసున్న ఏమీ ఇవ్వని గుంపు నిష్పత్తితో భాగించాలి. ఫలితం 0.7 కన్నా తక్కువైతే బర్సా క్షీణించిందని భావిస్తారు. ఇది క్షీణతను పట్టుకునే సూచిక, రక్షణను కొలిచేది కాదు. సరైన కంట్రోల్ గుంపు లేకపోతే ఇదీ వ్యర్థమే. మన ఫారాల్లో టీకా వేయని గుంపును పక్కన ఉంచడానికి యజమాని ఒప్పుకోకపోవడం సహజం. అందుకే ఫారం నుంచి వచ్చిన సంఖ్యలను ప్రయోగశాల సంఖ్యలతో సమానంగా చదవకూడదు.

వేరే కారణాలూ ఉన్నాయి. మే నెలలో గోదావరి జిల్లాల షెడ్లలో వేడికి కోడిలో కార్టికోస్టెరోన్ పెరుగుతుంది. ఆ హార్మోన్ బర్సా, థైమస్ రెండింటినీ కుంచిస్తుంది. బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ కూడా అంతే. ఎండాకాలం బ్యాచ్‌లో చిన్న బర్సా కనిపిస్తే గంబోరో టీకాను నిందించే ముందు దాణా, షెడ్డు ఉష్ణోగ్రత అడగాలి.

ఏది సాక్ష్యం

యాంటీబాడీలు అసలు అవసరమేనా అన్నదానికి కనీసం రాణిఖేత్ విషయంలో సమాధానం ఉంది. 2000లో రేనాల్డ్స్, మరకా చేసిన ప్రయోగాల్లో కణ ఆధారిత నిరోధకత మాత్రమే ఉన్న కోళ్లు తీవ్ర వైరస్‌ను తట్టుకోలేదు. కాబట్టి రాణిఖేత్ యాంటీబాడీలను కొలిచే హెచ్‌ఐ పరీక్ష టైటర్‌కు విలువ ఉంది. అయితే తొలి వారాల్లో టైటర్ చదవడంలోనూ జాగ్రత్త కావాలి. తల్లి నుంచి గుడ్డు పచ్చసొన ద్వారా వచ్చిన ఐజీవై యాంటీబాడీలు పిల్ల రక్తంలో ఉంటాయి. బ్రాయిలర్‌లో గంబోరో తల్లి యాంటీబాడీలు సుమారు మూడు, మూడున్నర రోజులకోసారి సగానికి తగ్గుతాయి. అవి ఎక్కువగా ఉండగా టీకా వేస్తే టీకా వైరస్ చచ్చిపోతుంది. టీకా తర్వాత టైటర్ తగ్గుతూ కనిపిస్తే అది తల్లి యాంటీబాడీ కరిగిపోవడమా, టీకా విఫలమవడమా అన్నది ఒక్క పరీక్షతో తేలదు. రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు రక్తం తీయాలి.

గంబోరో జీవ టీకా రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుందా అన్న ప్రశ్నకు ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ మాన్యువల్ సూచించే పద్ధతి చూడండి. ముందు గంబోరో టీకా ఇస్తారు, తర్వాత న్యూకాజిల్, అంటే రాణిఖేత్, టీకా ఇస్తారు. గంబోరో టీకా తీసుకోని గుంపుతో రెండో టీకాకు వచ్చిన యాంటీబాడీలనూ, తీవ్ర న్యూకాజిల్ వైరస్ సోకించినప్పుడు వచ్చిన రక్షణనూ పోలుస్తారు. అలన్, ఫారగర్, కలెన్ 1972లో ఈ దారిలోనే నడిచారు. చిన్న వయసులో గంబోరో సోకిన కోళ్లు న్యూకాజిల్ టీకాకు సరిగా స్పందించలేదని తేల్చారు. అక్కడ తూచింది బర్సాను కాదు, బర్సా లేకపోతే పోయే సామర్థ్యాన్ని.

ఈ పరీక్షలన్నీ ప్రతి విద్యార్థి చేయలేడు. సోకించి చూడటానికి వేరే భవనం, అనుమతులు, ఖర్చు కావాలి. కానీ బర్సా, ప్లీహం నుంచి ఒక్కో ముక్క ఫార్మలిన్‌లో వేసి గుంపు పేరు తెలియని పాథాలజిస్టుకు ఇవ్వడం కష్టం కాదు. శరీర బరువును, అవయవ బరువును విడిగా రాయడానికి పైసా ఖర్చు లేదు. టీకా వేసిన రోజు, కోసిన రోజు, టీకా రకం, దారి, పిల్లల తల్లి యాంటీబాడీ టైటర్ చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. ఇవేవీ లేకుండా బరువుల పట్టిక ఒక్కటే ఆధారంగా 'రోగనిరోధక శక్తి పెరిగింది' అని రాసిన వాక్యాన్ని పత్రం పరిశీలించేవారు కొట్టేయమని అడగాలి.